విశాఖకు వచ్చిన రైలు వెనక్కి ఎందుకు తిరుగుతుంది?

మా పెద్దమ్మ ఒకసారి రాజమండ్రిలో హౌరా వైపు వెళ్లే బండి ఎక్కి, విజయనగరంలో ఉన్న కొడుకుకు ఫోన్ చేసి, "ఇంజిన్ నుంచి మూడో పెట్టెలో ఉన్నాను, ముందువైపుకొచ్చి నిలబడు నాన్నా" అని చెప్పింది. అతను చెప్పినట్టే ప్లాట్‌ఫాం మీద ఇంజిన్ ఆగే చోట నిలబడ్డాడు. బండి వచ్చింది, ఇంజిన్ అతని ముందే ఆగింది, మూడో పెట్టెలో మాత్రం పెద్దమ్మ లేదు. ఆమె ఉన్న పెట్టె రైలు చివర, గార్డు పెట్టెకు దగ్గరగా ఉంది. రెండు సంచులూ ఒక ఆవకాయ జాడీతో ఆమె తలుపు దగ్గర నిలబడి కేకలు వేస్తుంటే, అతను ప్లాట్‌ఫాం పొడుగునా పరుగెత్తవలసి వచ్చింది. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. మధ్యలో విశాఖపట్నం వచ్చింది, అంతే.

కొన్ని దూరప్రాంత రైళ్లను విశాఖకు రానీయకుండా దువ్వాడ మీదుగా మళ్లించడం, నగరం పొలిమేరకు చేరిన బండి ప్లాట్‌ఫాం దొరక్క నిలబడిపోవడం, కొత్త రైల్వే జోన్ వస్తే ఇవన్నీ తీరిపోతాయన్న ఆశ: విశాఖ స్టేషన్ గురించి తరచూ వినిపించే ఈ మాటలు దేనికది వేరుగా కనిపిస్తాయి. వీటిలో చాలా భాగం ఆ ఆవకాయ జాడీ కథ వెనక ఉన్న కారణానికే ముడిపడి ఉంది. ఆ కారణం పట్టాల ఆకారం.

సందు చివరి ఇంటి లాంటి స్టేషన్

రోడ్డు పక్కన ఉన్న ఇంటి ముందు బండి ఆగితే, పని చూసుకుని అదే ముఖంతో ముందుకు పోతుంది. సందు చివర ఉన్న ఇంటికి వచ్చిన బండి వెనక్కి తిరిగితే తప్ప బయటపడలేదు. చెన్నై–హౌరా మార్గంలో తెనాలి, ఏలూరు, రాజమండ్రి, విజయనగరం వంటి స్టేషన్లు మొదటి రకానికి చెందినవి. అదే మార్గం మీద ఉన్నప్పటికీ విశాఖపట్నం రెండో రకానికి చెందుతుంది.

ఆకారాన్ని ఇలా ఊహించుకోవచ్చు. దక్షిణం నుంచి అనకాపల్లి దాటి వచ్చిన మార్గం దువ్వాడ చేరుతుంది. ఉత్తరాన విజయనగరం, కొత్తవలస, పెందుర్తి మీదుగా మరో మార్గం దిగుతుంది. ఈ రెండూ గోపాలపట్నం ప్రాంతంలో కలిసి, మర్రిపాలెం మీదుగా తూర్పుకు తిరిగి విశాఖ స్టేషన్‌లోకి వెళతాయి. అంటే చెన్నై వైపు వెళ్లవలసిన రైలైనా, హౌరా వైపు వెళ్లవలసిన రైలైనా స్టేషన్ నుంచి ఒకే వైపు చివర నుంచి బయటకు రావాలి. రెండో చివర నుంచి ప్రయాణికుల బండి ముందుకు సాగే దారి లేదు. ఇవి కాక దువ్వాడ నుంచి ఉత్తర సింహాచలానికి నేరుగా కలిపే బైపాస్ లైను ఒకటి ఉంది. దాంతో ఈ మొత్తం ఏర్పాటు ఒక త్రిభుజమవుతుంది. త్రిభుజం కొనలో నగరం, అడుగు గీత మీద బైపాస్.

నగరం నుంచి దక్షిణానికి నేరుగా పట్టాలు వేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా అని అడగవచ్చు. మ్యాపు చూస్తే జవాబు దొరుకుతుంది. ఒక పక్క సింహాచలం కొండల వరుస, మరో పక్క సముద్రం, దక్షిణాన యారాడ కొండ. యారాడ కొండకూ ఊరికీ నడుమ ఈనాడు ఓడరేవు ఉన్న చోట ఆ రోజుల్లో ఉన్నది ఆటుపోట్లకు మునిగి తేలే ఉప్పుటేటి బురద నేల. దాన్ని తవ్వి లోపలి రేవుగా మార్చింది ఆ తర్వాతి తరం. కొండలకు పడమటి పక్కగా, చదునైన నేల మీదుగా పెద్ద లైను పోవడం, అందులోంచి ఒక చెయ్యి ఊరి వైపు చాచడం అప్పటి భూమిని చూస్తే సహజంగానే కనిపిస్తుంది.

ఇంజిన్ మార్చడమంటే ఏమేం చేయాలి

వెనక్కి తిరగడమంటే రైలు మొత్తం తిరగదు. పెట్టెలు ఉన్నచోటే ఉంటాయి, ఇంజిన్ మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు మారుతుంది. అందుకే అప్పటిదాకా ముందున్న పెట్టె వెనకదవుతుంది, కిటికీ పక్కన ఎదురుగాలికి కూర్చున్నవారు ఆపైన వెనక్కి జారిపోతున్న ఊళ్లను చూస్తూ ప్రయాణిస్తారు.

ప్లాట్‌ఫాం చివర నిలబడి ఈ పని చూస్తే, టైంటేబుల్‌లో దీనికి ఇరవై నిమిషాల దాకా ఎందుకు ఇస్తారో అర్థమవుతుంది. బండి ఆగగానే పాయింట్స్‌మన్ ఇంజిన్‌కూ మొదటి పెట్టెకూ మధ్యకు దిగుతాడు. రెండు రబ్బరు గొట్టాల కవాటాలు మూసి, వాటిని విడదీస్తాడు. బుస్సుమని గాలి పోతుంది. ఆ గొట్టాల్లో ఒకటి బ్రేకుల గాలి గొట్టం, మరొకటి గాలిని నింపే ఫీడ్ గొట్టం. కొక్కెం విప్పాక పాత ఇంజిన్ రెండడుగులు ముందుకు జరుగుతుంది. ఈలోగా రెండో చివర కొత్త ఇంజిన్ మెల్లగా వచ్చి పెట్టెకు తగులుతుంది. లోపల టీ తాగుతున్నవారికి ఒక చిన్న కుదుపు తెలుస్తుంది. మళ్లీ గొట్టాలు కలపాలి, బ్రేకు గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి, ఫీడ్ గొట్టంలో 6 కిలోల ఒత్తిడి వచ్చేదాకా గాలి నింపాలి. ఆ తర్వాత లోకో పైలట్ బ్రేకు వేసి ఒత్తిడి తగ్గిస్తే, అవతలి చివర ఉన్న గార్డు తన దగ్గరి మీటరులో ముల్లు పడిందని నిర్ధారించాలి. గార్డును ఇప్పుడు అధికారికంగా ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ముల్లు పడకపోతే మధ్యలో ఎక్కడో గాలి అందడం లేదన్నమాట, అప్పుడు బండి కదలకూడదు. ప్రయాణికులు విసుక్కునే ఈ ఆలస్యంలో అత్యంత విలువైన రెండు మూడు నిమిషాలు ఇవే.

రెండు చివర్లా డ్రైవర్ గది ఉండే వందే భారత్, మెమూ వంటి రైళ్లకు ఈ తతంగంలో చాలా భాగం ఉండదు. లోకో పైలట్ సంచి భుజాన వేసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వస్తే సరిపోతుంది. అయితే చెన్నై–హౌరా మార్గంలో దూరం పోయే రైళ్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఇంజిన్ లాగే రైళ్లే.

రెండు కదలికలకు బదులు నాలుగు

ఇరవై నిమిషాలు ఆగడం ఒక్కటే అయితే ఇంత గొడవ ఉండదు. అసలు చిక్కు ప్లాట్‌ఫాంల బయట, అన్ని లైన్లూ ఇరుకుగా కలిసి మళ్లీ విడిపోయే చోట ఉంది. దాన్ని ఇక్కడ యార్డు ముఖం అందాం. ఒక బండి ఆ ముఖాన్ని దాటుతున్నంతసేపు దాని దారికి అడ్డువచ్చే మిగతా దారులన్నిటికీ ఎర్ర సిగ్నలే ఉంటుంది.

రాజమండ్రిలో ఒక రైలు దక్షిణపు ముఖం గుండా లోపలికి వస్తుంది, ఉత్తరపు ముఖం గుండా బయటకు పోతుంది. ఒక్కో ముఖాన్ని ఒక్కసారే వాడుకుంటుంది. విశాఖలో అదే రైలు లెక్క వేరు. బండి లోపలికి రావడం ఒక కదలిక. కొత్త ఇంజిన్ లోపలికి రావడం రెండోది. బండి బయటకు పోవడం మూడోది. పెట్టెలు కదిలిపోయాక లోపలి చివర ఒంటరిగా మిగిలిన పాత ఇంజిన్ బయటకు రావడం నాలుగోది. నాలుగూ ఒకే ముఖం మీద జరుగుతాయి. దారి అమర్చడానికి, బండి దాటడానికి, దారి వదలడానికి కలిపి ఒక్కో కదలికకు ఆరు నిమిషాలనుకుంటే, ఒక్క రైలు కోసం యార్డు ముఖం ఇరవై నాలుగు నిమిషాలు పని చేయాలి. రాజమండ్రిలో ఒక్కో ముఖానికి పడేది ఆరు నిమిషాలే. ఇవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు. ఒకదానికొకటి అడ్డురాని రెండు దారులను ఒకేసారి ఇవ్వగలిగే యార్డుల్లో, లోపలి చివర ఇంజిన్ తప్పుకునే లైను ఉన్న ప్లాట్‌ఫాంల దగ్గర ఈ భారం తగ్గుతుంది. ఎంత తగ్గినా, ఎదురెదురు చివరలున్న స్టేషన్‌తో సమానం కాదు.

దీనికి తోడు విశాఖ కేవలం దారిలో తగిలే స్టేషన్ కాదు. గోదావరి, తిరుమల, రత్నాచల్, ఏపీ ఎక్స్‌ప్రెస్ వంటి ఎన్నో బండ్లు ఇక్కడే పుట్టి ఇక్కడే ముగుస్తాయి. అలా పుట్టే బండి ఖాళీ పెట్టెలను కడిగి, పరీక్షించి, బయలుదేరే సమయానికి చాలా ముందుగానే ప్లాట్‌ఫాం మీదకు తెచ్చి పెట్టాలి. ముగిసే బండి ఖాళీ అయ్యాక దాన్ని మళ్లీ బయటకు తీసుకుపోవాలి. ఈ రాకపోకలూ అదే ముఖం గుండా జరగాలి. ఉన్న ప్లాట్‌ఫాంలు ఎనిమిది. తెల్లవారుజామున హైదరాబాద్ వైపు నుంచి రాత్రి బండ్లు వరుసగా దిగే వేళకే ఉదయపు బండ్లు బయలుదేరడానికి సిద్ధమవుతుంటాయి. ఆ సమయంలో ఒక బండి పదిహేను నిమిషాలు ఆలస్యమైతే దాని వెనకవాటన్నిటికీ ఆ ఆలస్యం అంటుకుంటుంది. మర్రిపాలెం దగ్గర నిలిచిన పెట్టెలో ప్రతి రెండో మనిషి ఫోన్‌లో "ఔటర్లో ఆపీసేడు" అని చెబుతుండగా వినని విశాఖవాసి ఉండడు. సిగ్నల్ దగ్గర ఆపినవాడికీ వేరే దారి ఉండదు. ముందున్న ప్లాట్‌ఫాం ఖాళీ కాలేదు, లేదా ఖాళీ అయినా అక్కడికి చేర్చే దారిని ఇంకో బండి దాటుతూ ఉంది.

వాల్తేరులో కలిసిన రెండు కంపెనీలు

ఇంత అసౌకర్యం మొదట్లో ఎవరికీ ఎందుకు తట్టలేదన్నది చరిత్రలో చూడవలసిన ప్రశ్న. విజయవాడ నుంచి కటక్ వైపు కోస్తా మార్గాన్ని 1893–1896 మధ్య ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది. 1901లో వాల్తేరు నుంచి విజయవాడ దాకా ఉన్న దక్షిణ భాగం మద్రాస్ రైల్వే చేతికి, 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లాయి. అప్పటికి వాల్తేరుగా పిలిచే ఈ స్టేషన్ ఇద్దరు యజమానుల పొలాల మధ్య గట్టు లాంటిదయింది. ఒక కంపెనీ ఇంజిన్ ఇక్కడితో ఆగి, మరొక కంపెనీ ఇంజిన్ ఇక్కడ తగులుకునే ఏర్పాటులో వెనక్కి తిరగడం అదనపు భారంగా కనిపించి ఉండదని నా ఊహ. ఆవిరి ఇంజిన్ ఎలాగూ అన్ని మైళ్లకు ఒకసారి నీళ్లకూ బొగ్గుకూ మారవలసిందే.

ఆ తర్వాత నగరం మీద భారం పెరుగుతూ పోయింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయింది, 1933లో ఓడరేవు మొదలయింది, 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం కొత్తవలస–కిరండూల్ మార్గం కొండలు తొలుచుకుంటూ వచ్చింది. తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చింది. ప్రయాణికుల బండ్లు వాడే పట్టాల పొరుగునే ఖనిజం, బొగ్గు మోసే సరకు రైళ్లూ దారి అడుగుతుంటాయి. రేవుతో పని లేని సరకు రైళ్లకు ఆ త్రిభుజపు అడుగు గీత ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

గట్టు మాత్రం చెరగలేదు. దక్షిణ భాగం 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో చేరింది. ఉత్తర భాగం 1955లో ఆగ్నేయ రైల్వే కింద, 2003 ఏప్రిల్ 1 నుంచి భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వే కింద నడిచింది. ఈ రెండు జోన్ల హద్దు దువ్వాడ దగ్గర నిలిచింది. అంటే త్రిభుజపు ఒక మూల దగ్గర సికింద్రాబాద్ నుంచి నడిచే పెత్తనం ముగిసి, భువనేశ్వర్ నుంచి నడిచే పెత్తనం మొదలయ్యేది.

దువ్వాడ మళ్లింపు మీద రెండు వాదాలు

దూరప్రాంత రైలు విశాఖకు రాకుండా దువ్వాడలో ఆగి, బైపాస్ మీదుగా కొత్తవలస వైపు వెళ్లిపోవడాన్నే మళ్లింపు అంటున్నారు. దీన్ని సమర్థించేవారు చెప్పే లెక్క ఇది. దువ్వాడ నుంచి విశాఖకు దాదాపు 17 కిలోమీటర్లు. రద్దీలో ఆ దూరానికి అరగంట, ఇంజిన్ మార్పుకు ఇరవై నిమిషాలు, తిరిగి పెందుర్తి దాకా మరో ఇరవై నిమిషాలు వేసుకుంటే మొత్తం డెబ్బై నిమిషాలవుతుంది. బైపాస్‌లో పెందుర్తి చేరడానికి పాతిక నిమిషాలు పడుతుందనుకుంటే, ముప్పావు గంట మిగిలినట్టే. ఖరగ్‌పూర్ నుంచి చెన్నై ఆసుపత్రికి వెళ్లే రోగికి విశాఖలో ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఆ ఒక్క రైలు రాకపోతే యార్డు ముఖం మీద నాలుగు కదలికలు తగ్గి, ఇక్కడి నుంచే మొదలయ్యే మరో బండికి చోటు దొరుకుతుంది. విశాఖవాసులకు సూటిగా పనికొచ్చేది ఆ రెండో బండే అన్నది వారి వాదన.

వ్యతిరేకించేవారి వాదనా తేలికైనది కాదు. ఇంత పెద్ద నగరం పేరు టైంటేబుల్‌లో కనిపించకపోతే రిజర్వేషన్ చేయించుకునేవాడికి ఆ రైలు లేనట్టే లెక్క. రాత్రి రెండు గంటలకు దువ్వాడలో దిగిన కుటుంబం మధురవాడకో భీమిలికో చేరాలంటే నగరమంతా అడ్డంగా దాటాలి, ఆ వేళ ఆటోవాడు అడిగిందే రేటు. స్టేషన్లో ఉండే విశ్రాంతి గదులు, తిండి దుకాణాలు, పెద్ద ఆసుపత్రులకు దగ్గరితనం దువ్వాడలో ఆ స్థాయిలో దొరకవు. ఇది నగరం స్థాయిని తగ్గించడమేనన్న నొప్పి కూడా ఇందులో కలిసి ఉంది. అది లెక్కలకు అందని విషయమైనా కొట్టిపారేయదగ్గది కాదు.

ఈ చర్చలో తక్కువగా వినిపించే గొంతు గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపువారిది. వాళ్లకు దువ్వాడే దగ్గర. విశాఖ స్టేషన్‌కు పోవాలంటేనే వాళ్లు ట్రాఫిక్‌లో గంట ముందు బయలుదేరాలి. నగరం దక్షిణానికీ ఉత్తరానికీ ఇంత పొడుగ్గా పెరిగాక, "విశాఖ ప్రయాణికుడు" అనే మనిషి ఒక్కడే అనుకోవడం కష్టం. నా మటుకు నాకు మళ్లింపు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకన్నా, ఏ రైలు మళ్లుతోంది, దాని బదులు విశాఖకు ఏది దక్కుతోంది, దువ్వాడలో దిగినవారికి నగరంలోకి వచ్చే ఏర్పాటు ఏమిటి అన్నవి పనికొచ్చే ప్రశ్నలనిపిస్తుంది. హైదరాబాద్‌లోనూ సికింద్రాబాద్ మీది ఒత్తిడి తగ్గించడానికి చర్లపల్లిని కొత్త టెర్మినల్‌గా తీర్చిదిద్ది 2025 జనవరి 6న ప్రారంభించారు. అక్కడి ప్రయాణికులూ మొదట అడిగింది స్టేషన్ అందం గురించి కాదు, అర్ధరాత్రి అక్కడికి బస్సు ఉందా అనే.

కొత్త జోన్ మార్చగలిగేవి, మార్చలేనివి

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రైల్వే జోన్‌ను పరిశీలించమంది. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను ప్రకటించారు. ముడసర్లోవలో జోన్ కార్యాలయానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. తొలి ప్రకటనలో విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్ పూర్తిగా కనుమరుగయ్యేది, ఆ మాట మీద ఇక్కడ చాలా ఆందోళన జరిగింది. 2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం దాన్ని సవరించింది. పలాస నుంచి విశాఖ మీదుగా దువ్వాడ దాకా ఉన్న మార్గం, దువ్వాడ–ఉత్తర సింహాచలం బైపాస్, మరికొన్ని శాఖలు కలిపి సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌లో ఉంటాయి. అరకు మీదుగా పోయే కొత్తవలస–బచేలి ఖనిజ మార్గంతో సహా సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేలోనే ఉంటాయి. అరకు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా అరకు రైలు మార్గం రాయగడ కిందకు పోవడం, ఖనిజ రవాణా ఆదాయం అటు చేరడం ఇక్కడివారి అభ్యంతరం. ఖనిజ మార్గాన్ని మధ్యలో తెంచకుండా ఒకే డివిజన్ నడపడం మేలన్నది అవతలి వాదం.

స్టేషన్ దృష్టితో చూస్తే ఈ మార్పులో ముఖ్యమైనది దువ్వాడ గట్టు తొలగడం. విజయవాడ డివిజన్, విశాఖ డివిజన్ ఒకే జోన్‌లోకి వస్తే, త్రిభుజం మూడు మూలలూ దానికి దక్షిణాన ఉన్న ప్రధాన మార్గమూ ఒకే పెత్తనం కిందకు వస్తాయి. ఏ రైలును లోపలికి తేవాలి, దేన్ని బైపాస్ మీద పంపాలి, కొత్త బండిని ఎక్కడ మొదలుపెట్టాలి అన్న ప్రతిపాదనలు ఈ నగరంలోనే తయారవుతాయి. ఇది చిన్న మార్పు కాదు. అయితే జోన్ అనేది కాగితం మీది గీత. యార్డు ముఖం వెడల్పును అది పెంచదు, ఇంజిన్ ముందు నుంచి వెనక్కి పోవలసిన అవసరాన్ని తప్పించదు.

స్టేషన్ పునర్నిర్మాణం గురించీ ఇదే తేడా గమనించాలి. 2022 నవంబరు 12న శంకుస్థాపన జరిగిన ఈ పని అంచనా సుమారు 450 కోట్ల రూపాయలు. రోజుకు 75 వేల మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టాలన్నది లక్ష్యం. జ్ఞానాపురం వైపు గేటు దగ్గర సంచులు మోస్తూ మెట్లు ఎక్కినవారికి ఆ సౌకర్యాల విలువ వేరే చెప్పనక్కరలేదు. మనుషులు ఇరుకు లేకుండా నడవడం ఒక సమస్య, బండ్లు ఇరుకు లేకుండా నడవడం మరో సమస్య. మొదటిదానికి భవనం కావాలి. రెండోదానికి అదనపు లైన్లు, అదనపు ప్లాట్‌ఫాంలు, ఒకదానికొకటి అడ్డురాని దారులు కావాలి.

రాజధాని స్టేషన్‌దీ ఇదే బాధ

2020లో చేసిన వికేంద్రీకరణ చట్టం విశాఖను కార్యనిర్వాహక రాజధాని అనడం, 2021 నవంబరులో ఆ చట్టాన్ని ఉపసంహరించుకోవడం తెలిసిందే. ఆ ఏడాదిన్నరలో "రాజధాని అయితే స్టేషన్ దానంతటదే బాగుపడుతుంది" అన్న మాట ఇక్కడ చాలా చోట్ల విన్నాను. ఈనాటి రాజధాని అమరావతికి సొంత స్టేషన్ ఇంకా లేదు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త మార్గాన్ని, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెనతో సహా, 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అది పూర్తయ్యేదాకా రాజధానికి పెద్ద స్టేషన్ విజయవాడే.

ఆ విజయవాడలో చెన్నై–హౌరా బండ్లు సూటిగా దాటిపోతాయి. వరంగల్ వైపు నుంచి వచ్చి ఏలూరు వైపు పోవలసిన బండికి మాత్రం అక్కడా ఇంజిన్ మార్చవలసిందే, ఎందుకంటే ఆ రెండు మార్గాలూ స్టేషన్‌కు ఒకే చివర నుంచి బయటపడతాయి. దాన్ని తప్పించడానికి రాయనపాడు–గుణదల బైపాస్ వాడతారు. ఆ బైపాస్ మీద పోయిన బండి విజయవాడ స్టేషన్‌కు రాదు, బెజవాడవాళ్లూ దాని మీద విశాఖవాళ్ల మాదిరే విసుక్కుంటారు. భువనేశ్వర్ నుంచి ముంబై వెళ్లే కోణార్క్ విశాఖలో ఒకసారి, విజయవాడలో ఒకసారి వెనక్కి తిరుగుతుంది. కాబట్టి పెద్దమ్మ ఆ బండిలో విజయనగరంలో ముందు పెట్టె ఎక్కితే రాజమండ్రి దగ్గర వెనక పెట్టెలో ఉంటుంది, వరంగల్ చేరేసరికి మళ్లీ ఇంజిన్ పక్కనే ఉంటుంది.